బయటి గోల అనుకుని తీసేసిన గొంతు

ఆ గొంతు టేపులో లేదని చాలా ఏళ్ళ కిందట నేనొకామెతో చెప్పాను. ఉంది. తీసేసింది నేనే. ఆమె అడిగిన క్షణంలో ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ ఆమె ముఖంలోకి చూస్తూ లేదన్నాను. ఆమె మా ఇంట్లో అన్నం తిన్న మనిషి. అడిగింది తన తల్లి గొంతు.

పాత టేపుల్లో ఉన్న మాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరిచే ఉద్యోగం చేసి, ఈ మధ్యే మానేశాను. నాకింకా అరవై రాలేదు కానీ చెవుల్లో హోరు మొదలైంది. ఈ పనిలో చెవులు పోయాక మనిషి ఉండి ప్రయోజనం లేదు. ఇప్పుడు మన పిల్లలు చాలామంది ఆడియో, స్పీచ్, భాషల డేటా అంటూ ఇలాంటి ఉద్యోగాల్లోకి వస్తున్నారు. కొందరు ఫోన్ చేసి "అంకుల్, ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతున్నారు. ఏ టూల్ నేర్చుకోవాలో వాళ్ళకే నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పగలిగినది ఈ కింద రాశాను.

మైక్‌సెట్టు నుంచి మోరిస్‌విల్ దాకా

నరసాపురంలో మా మేనమామకు మైక్‌సెట్టు షాపు ఉండేది. పెళ్ళిళ్ళకి, క్రిస్మస్ కూటాలకి, ఎన్నికల ప్రచారానికి హారన్లు కట్టేవాడు. సెలవుల్లో నేను వైర్లు చుట్టేవాణ్ణి. శబ్దమంటే నాకున్న ఇష్టం అక్కడిదే. తర్వాత అందరిలాగే ఎం.సి.ఏ., హైదరాబాద్, హెచ్‌వన్. కన్సల్టెన్సీ వాళ్ళు నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్‌లో ఒక ప్రాజెక్ట్ ఉందని పంపించారు. వచ్చి చూస్తే అది బ్యాంకూ కాదు, ఇన్సూరెన్సూ కాదు. భాషల భాండాగారం. ప్రపంచంలో ఎక్కడెక్కడో పరిశోధకులు రికార్డ్ చేసిన టేపులన్నీ ఒక చల్లటి గదిలో అరల మీద ఉన్నాయి. వాటికి సాఫ్ట్‌వేర్ రాయడానికి నన్ను తీసుకున్నారు. నాకు మైకులు తెలుసని తెలిశాక ఆ గదిలోకి కూడా రానిచ్చారు. మళ్ళీ నేను బయటికి రాలేదు.

నా మొదటి బాస్ వాల్టర్ ముసలాయన. మితభాషి. టేపు వాసన చూసి అది బతుకుతుందో లేదో చెప్పేవాడు. తేమ పట్టిన టేపులు మిషన్‌కి జిగురులా అతుక్కుంటాయి. వాటిని పళ్ళు ఆరబెట్టుకునే చిన్న మిషన్లో సన్నని సెగ మీద ఉంచి ఆరబెట్టాలి. అలా ఆరినది కొద్దిరోజులు నడుస్తుంది. మొదటిసారి ఆ మిషన్ ఫోటో తీసి చూపిస్తే మా ఆవిడ సుధ, "దీంట్లో వడియాలు భేషుగ్గా ఎండుతాయండీ. వారానికోసారి ఇంటికి తెచ్చుకోవచ్చేమో అడగండి" అంది. వాల్టర్‌కి చెప్తే ఆయన నవ్వలేదు. ఏ పిండితో పెడతారని అడిగాడు.

వాల్టర్ నాకు నేర్పిన పద్ధతి ఒకటే. టేపు మీద ఏముందో పూర్తిగా విని, ఉన్నది ఉన్నట్టు ఎక్కించు. దాన్ని ముట్టుకోకు. శుభ్రం చెయ్యాలనిపిస్తే ఇంకో కాపీ తీసుకుని చేసుకో. ఈ మాట విననప్పుడు ఏం జరుగుతుందో ముందు ముందు రాస్తాను.

హెలెన్ గారి పెట్టె

హెలెన్ గారు భాషా పరిశోధకురాలు. వయసులో ఉండగా బ్రెజిల్ పడమటి కొసన, పెరూ సరిహద్దు దగ్గర, పురూస్ నది ఒడ్డున కులీనా వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఉన్నారు. కులీనా అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమని మదిహా అనుకుంటారు, మనుషులు అని. నదుల వెంట చిన్న చిన్న ఊళ్ళు, గుంజల మీద ఎత్తుగా కట్టిన ఇళ్ళు, కర్రపెండలం తోటలు, వేట, చేపలు.

ఆవిడ తన టేపుల పెట్టెని కారు డిక్కీలో పెట్టుకుని తానే తెచ్చి ఇచ్చారు. నేను ఎక్కిస్తుంటే వారానికి రెండుసార్లు వచ్చి పక్కన కూర్చునేవారు. నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన రోజులు అవి. స్పీకర్లో వాన మొదలయ్యేది. తాటాకు కప్పు మీద వాన ఎక్కడైనా ఒకేలా వినిపిస్తుంది. కళ్ళు మూసుకుంటే నాకు నార్త్ కరొలైనా ఉండేది కాదు. ఒక కోడి కూసేది, ఎవరో దగ్గేవారు. "ఈ దగ్గేది ఊరి పెద్ద. పొగాకు పొడి ఎక్కువ పీల్చేవాడు" అని హెలెన్ గారు చెప్పేవారు. ఆ భాషలో నాకు ఒక్క మాట రాదు. అయినా మనుషుల్ని గుర్తుపట్టే స్థితికి వచ్చాను.

వాళ్ళ ఆచారం ఒకటి ఆవిడ చాలా ఇష్టంగా చెప్పారు. ఊళ్ళో మాంసం అయిపోయినప్పుడు ఆడవాళ్ళు తెల్లవారుతుండగా గుంపుగా బయల్దేరతారు. ఒక్కో ఇంటి ముందు ఆగి, ఒకామె ముందుకొచ్చి కర్రతో ఇంటి గుంజ మీద కొడుతూ, లోపలున్న మగవాడికి పాట పాడుతుంది. వేటకు వెళ్ళి తెమ్మని ఆజ్ఞ. మిగతావాళ్ళు అందుకుంటారు. లోపలివాడు నిద్ర నటిస్తాడు, వంకలు చెప్తాడు, హాస్యమాడతాడు, ఆఖరికి లేస్తాడు. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆ రోజంతా ఎగతాళే.

"పెళ్ళాం లేపితే లేవని వాణ్ణి ఊరంతా కలిసి లేపుతారన్నమాట" అంది సుధ, నేను ఇంటికొచ్చి చెప్పినప్పుడు. "మంచి పద్ధతే. మన అపార్ట్‌మెంట్స్‌లో కూడా పెట్టొచ్చు."

ఈ ఆచారం సంగతి తెలిసీ నేను ఆ పని చేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

శుభ్రం

హెలెన్ గారికి జబ్బు చేసి రావడం మానేశారు. వాల్టర్ రిటైరయ్యాడు. కొత్త డైరెక్టర్ గ్రెగ్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. సందర్శకులకి చూపించడానికి బాగుండాలి, సర్వర్లో స్థలం మిగలాలి, ఈ రెండే అతని ధ్యాస.

పెట్టెలో అడుగున ఒక రీలు మిగిలింది. ముసలాయన ఒకరు తన ఇంట్లో కూర్చుని, దుంగ తొలిచి పడవ ఎలా చెయ్యాలో చెబుతున్నాడని డబ్బా మీద ఉంది. కింద పెన్సిల్‌తో "బయట గోల" అని హెలెన్ గారి రాత. టేపు బాగా చెడిపోయింది. ఆరబెట్టి నడిపిస్తే పొడి రాలుతూ ఒక్కసారి నడిచింది. మళ్ళీ నడిచే స్థితి లేదు. ఆ ఒక్కసారి నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా విన్నాను.

రికార్డింగ్ సగంలో బయట ఆడవాళ్ళ పాట మొదలవుతుంది. మైకు ముసలాయన ముందు ఉంది కాబట్టి వాళ్ళు దూరంగా, ఆయన మాటకి అడ్డంగా వినిపిస్తారు. ఠక్కు ఠక్కుమని చప్పుడు. అప్పట్లో శబ్దాన్ని బొమ్మలా తెరమీద చూపించి, అక్కర్లేని గీతల్ని చేత్తో చెరిపే సాఫ్ట్‌వేర్ మాకు కొత్తగా వచ్చింది. నా పనితనం చూపించుకోవాలని సరదా పుట్టింది. రెండు వారాలు కూర్చున్నాను. ఒక్కొక్క ఠక్కునీ ఏరాను. పాట గీతల్ని ఒక్కొక్కటీ చెరిపాను. చివరికి ముసలాయన గొంతు గదిలో మనముందు కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా వచ్చింది. గ్రెగ్ విని, ఇది అద్భుతం అని భుజం తట్టాడు. సర్వర్ నిండిపోతోందని అదే వారంలో గుర్తు చేశాడు. నేను ముడి ఫైలు, అంటే టేపు నుంచి ఉన్నదున్నట్టు ఎక్కించిన అసలుది, తీసేశాను.

ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. గ్రెగ్ నన్ను స్థలం చెయ్యమన్నాడు గానీ ముడి ఫైళ్ళు తీసెయ్యమనలేదు. ఏది పోవాలో ఎంచుకున్నవాణ్ణి నేను. ఆ పాట ఏమిటో నాకు హెలెన్ గారు చెప్పి ఉన్నారు. కర్ర గుంజ మీద పడే చప్పుడని నాకు స్ఫురించలేదంటే, నా చెవులు ముసలాయన మాటకే పని చేస్తున్నాయి. డబ్బా మీద పేరు ఎవరిదో వాడిదే శబ్దం, మిగతాది గోల. ఈ వృత్తిలో ఇంతకన్నా పెద్ద జబ్బు నేను చూడలేదు.

చేపల పులుసు

హెలెన్ గారు పోయాక ఆ టేపుల మనుషులే వచ్చారు. యూనివర్సిటీ వాళ్ళు పిలిపిస్తే పురూస్ ఒడ్డు నుంచి ఇద్దరు. అదెల్సన్ అని ఊరి బడి పంతులు, అతని తల్లి రైముందా. పడవ, చిన్న విమానం, పెద్ద విమానాలు మారి వచ్చారు. ఎయిర్‌పోర్ట్‌కి నేనే వెళ్ళాను. అదెల్సన్‌కి పోర్చుగీసుతో పాటు కొద్దిగా ఇంగ్లీషు వచ్చు. తల్లి తన భాషలో అంటే అతను నాకు ఇంగ్లీషులో చెప్పేవాడు.

మొదటిరోజు హోటల్ తిండి ఆవిడ ముట్టలేదని తెలిసి సుధ ఇంటికి తీసుకురమ్మంది. అన్నం, చేపల పులుసు. రైముందా చేత్తో కలుపుకుని, ముల్లు నాలుకతో తీసి పక్కన పెట్టి, రెండోసారి పెట్టించుకుంది. సుధకి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా, అడగకుండానే మారు వేయించుకుంది. మీ ఫ్రెండ్స్ డైట్ డైట్ అని నా పులుసు పక్కన పెడతారు" అంది నాతో.

రైముందా ఏదో అంది. అదెల్సన్ నవ్వి, "ఈ చేప ఎవరు పట్టారని అడుగుతోంది అమ్మ" అన్నాడు.

"కాస్ట్‌కో" అని మేం కొనే స్టోరు పేరు చెప్పాను.

"ఆయన మంచి వేటగాడు అంటోంది."

మర్నాడు ఆడియో గదిలో నేను శుభ్రం చేసిన ఆ రికార్డింగ్ పెట్టాను. ముసలాయన రైముందా తండ్రి. గొంతు వినగానే ఆవిడ స్పీకర్ వైపు జరిగి కూర్చుంది. పడవ సంగతి సాగింది. సగం నుంచి ఆయన మాటల తీరు మారింది. ఏదో అంటాడు, ఆగుతాడు, మళ్ళీ అంటాడు. మధ్యలో నిశ్శబ్దం. నేను చేసిన నిశ్శబ్దం.

అదెల్సన్ ముఖం చిట్లించాడు. "తాత ఎవరికి జవాబు చెబుతున్నాడు?"

రైముందాకి వెంటనే తెలిసింది. ఆ పొద్దు ఆవిడకి గుర్తుంది. చిన్నపిల్ల, చాప మీద పడుకుని ఉంది. తెల్లావిడ మిషన్ పెట్టుకుని తండ్రి ఎదురుగా కూర్చుంది. బయట కర్రతో గుంజ మీద కొట్టి పాడినది రైముందా తల్లి. ఆ ఏడే జ్వరంతో పోయింది. ఫోటో లేదు, ఏమీ లేదు. ఇంత దూరం తాను వచ్చింది ఆ పాట కోసమేనని అదెల్సన్ చేత చెప్పించింది.

"అమ్మమ్మ గొంతు ఎక్కడుంది?" అన్నాడతను.

అప్పుడు నా గ్రీన్‌కార్డు ప్రాసెస్ మధ్యలో ఉంది. కొత్తగా లేఆఫ్‌లు జరుగుతున్నాయి. ఈ పొరపాటు బయటపడితే ఉద్యోగం, దాంతో వీసా, సుధ, పాప స్కూలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. "టేపులో లేదండీ. మైకు దూరంగా ఉంది కదా, ఎక్కలేదు" అన్నాను.

అదెల్సన్ చెప్పాడు. రైముందా కాసేపు నన్ను చూసింది. తర్వాత వేళ్ళ కణుపులతో బల్ల మీద కొట్టి, సన్నగా ఒక చరణం పాడింది.

"నిన్ను వేటకి పంపిస్తోంది" అన్నాడు అదెల్సన్. "వెతికి తెమ్మంటోంది."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వీసా వల్ల అబద్ధమాడానని చెప్పుకోవడం సులువు. గ్రీన్‌కార్డు వచ్చింది. తర్వాత పౌరసత్వం కూడా వచ్చింది. అప్పుడూ నోరు విప్పలేదు. కాబట్టి ఆ సాకు మొదటి రెండేళ్ళకే పనికొస్తుంది. మిగిలిన ఏళ్ళకి నా దగ్గర ఏ సాకూ లేదు.

చర్చిలో మరియమ్మ ఆంటీ

మా తెలుగు చర్చిలో ఆదివారం సౌండ్ డెస్క్ నాది. ఒకసారి ఆరాధన రికార్డింగ్ యూట్యూబ్‌లో పెట్టడానికి మిక్స్ చేస్తూ, వెనక వరసల్లో ఆడవాళ్ళ పాట శ్రుతి తప్పుతోందని తగ్గించేశాను. ముందు పాడే అబ్బాయి గొంతు, గిటారు, కీబోర్డు బ్రహ్మాండంగా వచ్చాయి. మరుసటి ఆదివారం పాలకొల్లు మరియమ్మ ఆంటీ నన్ను కాఫీ బల్ల దగ్గర పట్టుకున్నారు.

"ఏవయ్యా, పోయినవారం మేం చర్చికి రాలేదా?"

"వచ్చారు కదా ఆంటీ."

"మరి మా పాటేదీ? ఆ కుర్రాడు 'స్తోత్రం' అని ఆగుతాడు, అవతల శ్మశానం. ఎవరితో పాడుతున్నాడు వాడు, గోడతోనా?"

"కొంచెం శ్రుతి అటూఇటూ అయిందని ఆంటీ..."

"అవుద్ది. అరవై ఏళ్ళ గొంతులు అవి. దేవుడికి లేని ఇబ్బంది నీకొచ్చిందేంటి?"

పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను క్షమించమని చెప్పి, మర్నాడే పాతది తీసి కొత్తది పెట్టాను. ముడి రికార్డింగ్ ఉంది కాబట్టి పెట్టగలిగాను. ఆ ఆదివారం మధ్యాహ్నం చర్చి పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ చెయ్యకుండా కూర్చుంటే సుధ "ఏవైంది?" అని అడిగింది. రైముందాతో ఆడిన అబద్ధం సంగతి అప్పుడు చెప్పాను, మొదటిసారి ఒక మనిషికి.

ఆమె "ఆవిడ మనింట్లో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది కదండీ" అంది. అంతే. 

అప్పుడైనా చెప్పలేదు. ఇంకా కొన్నేళ్ళు గడిపాను.

చెప్పడం

నేను మానేసే ముందు నా పని శ్రీకాంత్‌కి అప్పగించాను. కరీంనగర్ కుర్రాడు, చురుకైనవాడు. ఆ వారాల్లోనే అదెల్సన్ మాతో వీడియో కాల్‌లోకి వచ్చాడు. వాళ్ళ బడికి ఇప్పుడు శాటిలైట్ ఇంటర్నెట్ ఉంది. తాత రికార్డింగ్‌ని పిల్లలకి పాఠంగా పెడుతున్నారట. ఆయన జవాబుల మధ్య ఆగిన ఖాళీల్లో రైముందా తానే తల్లి పాట పాడి నింపుతుందట. "టేపుకి ఎక్కని పాటని మా అమ్మ పాడింది అని పిల్లలకి చెబుతాం. మీరు తాత గొంతుని అంత బాగా తీశారు కాబట్టి మీ పేరు కూడా చెబుతాం" అన్నాడు. మరుసటి వారం అందరూ కలిసి మాట్లాడదామన్నాడు.

బడిలో పిల్లలకి నా అబద్ధం పాఠమవబోతోంది, దాని పక్కన నా పేరుతో సహా. ఇక దాచడం నావల్ల కాలేదు.

గ్రెగ్‌కి ముందు చెప్పాను. అతను తలుపు వేశాడు. "వాళ్ళు అడగలేదుగా. అడగనిదానికి జవాబు చెప్పక్కర్లేదు. లాయర్లు ఇదే అంటారు" అన్నాడు. వాళ్ళు అడిగారు, అప్పుడే అడిగారు అని చెప్పాను.  మంచి బాస్ ఎవరంటే మన తప్పుని ముందే పట్టుకునేవాడని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. అది బాస్ పని కాదు. వాల్టర్ నాకు పద్ధతి నేర్పాడు. పాటించడం నా పని.

శ్రీకాంత్ బయట ఎదురుచూస్తున్నాడు. అతనికీ సంగతంతా చెప్పాను. "వద్దే అన్నా. వెళ్ళిపోతున్నవ్ గదా, ఇప్పుడెందుకు లొల్లి? నేను గానీ చెప్తనా ఎవరికన్నా?"

"నువ్వు చెప్పవని తెలుసు. అందుకే నేను చెప్పాలి."

"ఆమె కోపం జేస్తే?"

"చెయ్యనీ."

కాల్ రోజు తెర మీద రైముందా కనిపించింది. జుట్టు నెరిసింది. వెనక చెక్క గోడ, పిల్లల బొమ్మలు. నేను ముందుగా రాసుకున్నవన్నీ వదిలేసి, మామూలు మాటల్లో చెప్పాను. మీ అమ్మ గొంతు టేపులో ఉంది. గోల అనుకుని నేను తీసేశాను. అసలు రికార్డింగ్‌ని కూడా తీసేశాను, టేపు పొడైపోయింది, ఇక రాదు. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు. లేదని అబద్ధం చెప్పాను. అదెల్సన్ ఒక్కో వాక్యం ఆగి ఆగి తల్లికి చెప్పాడు. మధ్యలో అతను నన్ను చూడటం మానేశాడు.

రైముందా ఒక్క మాట అడిగింది.

"నువ్వు విన్నావా అంటోంది" అన్నాడు అదెల్సన్. "తీసేసే ముందు."

"విన్నాను. మొదటినుంచి చివరిదాకా."

"అయితే చెప్పు."

టేపులో ఆ గొంతు విన్నవాళ్ళలో ఈ లోకంలో మిగిలింది నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. చెప్పాను. ముందు కర్ర చప్పుడు, నెమ్మదిగా, తొందరేం లేనట్టు. తర్వాత ఆమె ఒక్కతే. సన్నని గొంతు కాదు, కాస్త బొంగురు. మిగతావాళ్ళు అందుకున్నాక కూడా వాళ్ళలో కలిసిపోలేదు, విడిగా వినిపిస్తూనే ఉంది. ఒకచోట మీ నాన్నగారు ఏదో అన్నారు. ఆమెకి నవ్వొచ్చింది. పాట ఆపలేదు, నవ్వుతూనే ఆ చరణం పూర్తి చేసింది.

"నవ్విందా?" ఈసారి రైముందా నన్నే అడిగింది. అదెల్సన్ చెప్పేలోపే ఆ ప్రశ్న నాకు అర్థమైంది.

"నవ్వింది. ఆ నవ్వుని కూడా నేనే తీసేశాను. నన్ను క్షమించండి."

ఆవిడ వెనక్కి తిరిగి తలుపు వైపు ఎవరినో పిలిచింది. ఆవిడ వయసు ఆడవాళ్ళు ఇంకొందరు వచ్చి, సర్దుకుని తెర ముందు కూర్చున్నారు.

"వీళ్ళ అమ్మలు కూడా ఆ పొద్దున పాడారు" అన్నాడు అదెల్సన్. "మళ్ళీ చెప్పమంటోంది. మొదటినుంచి, ఏదీ వదలకుండా."

చెప్పాను. గోల అనుకున్న దగ్గర్నుంచి, లేదన్న దగ్గర్నుంచి, కర్ర చప్పుడు, బొంగురు గొంతు, అందుకున్న గొంతులు, నవ్వు. చివర క్షమాపణ మళ్ళీ చెప్పాను, ఈసారి వాళ్ళందరికీ.